మాస్కు మీద "ఎన్95" అని రాసి ఉంటే చాలదు: కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక

దుమ్ము పనికో, పొగకో, రోగి దగ్గర ఉండటానికో మాస్కు కొనబోతున్నవారు డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఎన్95 పేరు పెట్టి అమ్ముతున్న సరుకులో ఎన్95 కానిది బాగా కలిసిపోయింది. ఆర్డరు పెట్టినవారికి చేరేది తరచూ ఇలా ఉంటోంది: మెత్తటి గుడ్డలాంటి మాస్కు, చెవులకు తగిలించే లూపులు, ఒక పక్క ప్లాస్టిక్ వాల్వు, దాని పక్కన పెద్ద అక్షరాల్లో "ఎన్95". తయారీదారు పేరు లేదు, మోడల్ నంబరు లేదు, ఆమోదం నంబరు లేదు. వాపసు అడిగితే ముఖానికి వాడే వస్తువు కాబట్టి కవరు చించాక వెనక్కి తీసుకోం అంటారు. పోయిన డబ్బు కంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. దాన్ని నమ్మి రాయి కోసే చోట, టైల్స్ కోసే చోట నెలల తరబడి పనిచేస్తే సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరుతుంది. దాంతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చాక దాన్ని నయం చేసే మందు లేదు.

ముందుగా ఆ పేరు సంగతి. ఎన్95 అనేది అమెరికాలో పనిచేసేవారి ఆరోగ్య భద్రత చూసే ప్రభుత్వ సంస్థ నియోష్ (NIOSH) ఇచ్చే ఆమోదం. దాన్ని ఎవరికి వారు అచ్చు వేసుకోకూడదు. పరీక్షలో నిమిషానికి 85 లీటర్ల చొప్పున, అంటే కష్టమైన పని చేస్తూ రొప్పుతున్న మనిషి పీల్చే వేగంతో, ఉప్పు కణాలు కలిసిన గాలిని మాస్కు గుండా పంపుతారు. దాదాపు 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో కనీసం 95 శాతం ఆగాలి. అంతకంటే చిన్నవి దూరిపోతాయని కొందరు చెబుతుంటారు, అది తప్పు. మరీ చిన్న కణాలు గాలిలో నిలకడ లేకుండా అటూ ఇటూ కదులుతూ వడపోత పోగులకు తగిలి అతుక్కుంటాయి. 0.3 మైక్రాన్ల దగ్గర పట్టుకోవడం అన్నిటికంటే కష్టం కాబట్టే పరీక్షకు ఆ పరిమాణాన్ని ఎంచుకున్నారు. ఇక ముందున్న అక్షరం నూనె సంగతి చెబుతుంది. ఎన్ రకం నూనె తుంపర్లకు పనికిరాదు, ఆర్ కొంతవరకు తట్టుకుంటుంది, పీ బాగా తట్టుకుంటుంది. 100 అంకె ఉంటే వడపోత 99.97 శాతం.

నియోష్ ఆమోదం ఉన్న ఒకసారి వాడే మాస్కు మీదే ఇవన్నీ అచ్చయి ఉండాలి: తయారీదారు పేరు, మోడల్ నంబరు, నియోష్ పేరో గుర్తో, ఎన్95 లాంటి తరగతి, "టీసీ-84ఏ" తో మొదలయ్యే ఆమోదం నంబరు. పెట్టె మీద మాత్రమే ఉంటే సరిపోదు. ఆ నంబరును నియోష్ వెబ్‌సైటులోని ఆమోదిత పరికరాల జాబితాలో వెతకండి. నంబరు దొరికినంత మాత్రాన ఆగకండి. అసలు కంపెనీ నంబరునే దొంగిలించి తమ మాస్కు మీద వేసుకునేవారున్నారు. జాబితాలో ఆ నంబరుకు ఎదురుగా ఉన్న కంపెనీ పేరు, మోడల్, మీ చేతిలో ఉన్న మాస్కు మూడూ కలవాలి. నియోష్ పేరు స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది నకిలీయే. పిల్లల కోసం నియోష్ ఆమోదించిన మాస్కు అని రాస్తే అదీ అబద్ధమే, ఎందుకంటే పిల్లల వాడకానికి ఆ సంస్థ ఆమోదం ఇవ్వదు. పూలు, తళుకులు, కుట్టుపని అతికించినవీ అంతే. చెవి లూపులు కనబడగానే అనుమానించాలి, నియోష్ ఆమోదించిన ఎన్95 రెండు తలపట్టీలతో వస్తుంది.

వేరే దేశాల ప్రమాణాలకు వేరే గుర్తులుంటాయి, వాటినీ ఇలాగే దుర్వినియోగం చేస్తున్నారు. యూరప్‌ది ఈఎన్ 149. అందులో ఎఫ్ఎఫ్‌పీ1 కనీసం 80 శాతం, ఎఫ్ఎఫ్‌పీ2 94 శాతం, ఎఫ్ఎఫ్‌పీ3 99 శాతం వడపోస్తాయి. మాస్కు మీద యూరప్ నిబంధనలకు సరిపోతుందని చెప్పే సీఈ గుర్తు, దాని పక్కన నాలుగంకెల సంఖ్య తప్పనిసరి. తనిఖీ చేసిన సంస్థ ఏదో ఆ సంఖ్య చెబుతుంది. సంఖ్య లేని సీఈ గుర్తును శ్వాసరక్షణ మాస్కు విషయంలో లెక్కలోకి తీసుకోకండి. చైనా ప్రమాణపు మాస్కు కేఎన్95 మీద జీబీ 2626-2019 అనే ప్రమాణం నంబరు ఉండాలి. 2006 అని ఉంటే అది రద్దయిన పాత ప్రమాణం. కేఎన్95 మీద నియోష్ గుర్తు కూడా కనిపిస్తే వెంటనే పక్కన పెట్టండి, కేఎన్95లను నియోష్ ఆమోదించదు. భారత ప్రమాణం ఐఎస్ 9473. ఐఎస్ఐ గుర్తు కింద "సీఎం/ఎల్" తో మొదలయ్యే లైసెన్సు నంబరుంటుంది, దాన్ని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు అమ్మకం పేజీల్లో కొనేవారిని పడేసే మాటలు చూద్దాం. మొదటిది "ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్". అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏ దగ్గర కంపెనీ పేరు నమోదు చేసుకోవడం వేరు, మాస్కును పరీక్షించి ఆమోదించడం వేరు. నమోదుకు ఎఫ్‌డీఏ సర్టిఫికెట్లేమీ ఇవ్వదు. డేగ బొమ్మ, బంగారు రంగు ముద్ర ఉన్న ఆ కాగితాలను అమ్మేవారో మధ్యవర్తులో అచ్చు వేయించుకుంటారు. రెండోది పొరల లెక్క: ఆరు పొరలు, ఏడు పొరలు అని రాస్తారు. వడపోసేది మధ్యలో ఉండే మెల్ట్‌బ్లోన్ పాలీప్రొపిలీన్ పొర, అంటే అతి సన్నటి ప్లాస్టిక్ పోగులతో చేసిన పొర. అది సరైనదైతే మూడు పొరల మాస్కు కూడా పరీక్ష దాటుతుంది. అది లేకపోతే మామూలు పొరలు పది వేసినా ఊపిరి ఆడటం కష్టమవుతుందే తప్ప వడపోత పెరగదు. పైగా ఊపిరి బరువైనకొద్దీ గాలి అంచుల సందుల్లోంచి లోపలికి వస్తుంది.

మూడోది "బీఎఫ్ఈ 99 శాతం". దీంతో మోసపోయేవారు ఎక్కువ. బీఎఫ్ఈ అంటే బాక్టీరియాను ఎంత ఆపుతుందో చూడటానికి సర్జికల్ మాస్కులకు చేసే పరీక్ష. సుమారు 3 మైక్రాన్ల తుంపర్లతో, గుడ్డముక్కను మాత్రమే పరీక్షిస్తారు. ముఖం చుట్టూ గాలి ఎంత కారుతుందో అది చూడదు. వదులుగా ఉండే సర్జికల్ మాస్కు పెట్టుకున్నవారి నోటి తుంపర్లు ఎదుటివారి మీద పడకుండా చూస్తుంది, సన్నటి ధూళి నుంచి పెట్టుకున్నవారిని కాపాడటానికి తయారైంది కాదు. 99 అనే అంకె 95 కంటే పెద్దది కదా అని దాన్ని కొనకండి. ఆ రెండు అంకెలూ వేర్వేరు పరీక్షలవి.

నాలుగోది గుడ్డ మాస్కు జేబులో దూర్చుకునే "పీఎం2.5 కార్బన్ ఫిల్టరు" (పీఎం2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నటి ధూళి). ఆ ముక్క మాస్కు మొత్తాన్ని కప్పదు. దాని చుట్టూ ఉన్న గుడ్డ గుండా గాలి సులువుగా వెళ్లిపోతుంది. అందులోని పలుచటి కార్బన్ పొర కొద్దిపాటి వాసనను తగ్గించవచ్చు, అంతకుమించి ఆశించకూడదు.

వాల్వు గురించి ఒక మాట. మంచి వాల్వులో సన్నటి రబ్బరు రేకు గాలి వదిలినప్పుడు లేచి, పీల్చినప్పుడు పూర్తిగా కూర్చుంటుంది. చవక సరుకులో ఆ రేకు వంకరగా ఉండి మూసుకోదు. అప్పుడు పీల్చే ప్రతి శ్వాసా వడపోత లేకుండా ఆ కంతలోంచే వస్తుంది. వెలుతురులో పెట్టి చూడండి. రేకు ఒక పక్క లేచి కనిపిస్తే ఆ మాస్కు వద్దు. వాల్వు మంచిదైనా మీరు వదిలే గాలి వడపోత లేకుండానే బయటికి పోతుంది, అందుకే రోగుల దగ్గర ఉండేవారు వాల్వు లేనిదే ఎంచుకోవాలి.

కొవ్వొత్తి ఊదే పరీక్ష, నీళ్లు పోసే పరీక్ష, కాగితం ముక్కలు అంటుకునే పరీక్ష చూపించి "అసలుదే" అని వీడియోలు పెడుతున్నారు. పాలీప్రొపిలీన్ ఏ నాణ్యతదైనా నీటిని ఆపుతుంది. కాగితం ముక్కలు అంటుకుంటే పొరలో విద్యుదావేశం కొంత ఉందని మాత్రమే తెలుస్తుంది. 60 శాతం ఆపుతుందా, 95 శాతం ఆపుతుందా అన్నది యంత్రం లేకుండా ఇంట్లో తేల్చలేం. అందుకే నంబరు సరిచూడటం తప్ప కొనేవారికి గట్టి దారి లేదు.

కణాలను లాగి పట్టుకునే ఆ విద్యుదావేశమే మాస్కుకు ప్రాణం. సబ్బునీళ్లలో ఉతికినా, ఆల్కహాలు శానిటైజరు చల్లినా అది పోతుంది. మాస్కు చూడటానికి మునుపటిలాగే ఉంటుంది, వడపోత మాత్రం బాగా పడిపోతుంది. కాబట్టి "ఉతికి వాడుకునే ఎన్95" అన్న మాట ఎక్కడ కనిపించినా కొనకండి.

అసలైన మాస్కు దొరికాక కూడా ముఖానికి అతకకపోతే పెట్టిన ఖర్చంతా వృథా. పై పట్టీ నడినెత్తి వెనక, కింది పట్టీ చెవుల కింద మెడ మీద ఉండాలి. రెండూ మెడ మీదికి దించితే గడ్డం దగ్గర సందు పడుతుంది. ముక్కు క్లిప్పును ఒక చేత్తో గిల్లినట్టు నొక్కకండి, మధ్యలో మడత పడి రెండు పక్కలా గాలి కారుతుంది. రెండు చేతుల వేళ్లతో మధ్య నుంచి పక్కలకు ఒత్తుకుంటూ పోవాలి. తర్వాత రెండు అరచేతులతో మాస్కును కప్పి గట్టిగా గాలి వదలండి, అంచుల్లో ఎక్కడా గాలి తగలకూడదు. వాల్వు ఉన్నదైతే గట్టిగా పీల్చండి, మాస్కు కాస్త లోపలికి కుంగాలి. కళ్లద్దాలు మసకబారుతుంటే ముక్కు దగ్గర కారుతోందని అర్థం. మాస్కు అంచు ఆనేచోట గడ్డం ఉంటే, అది రెండు రోజుల గడ్డమైనా, గాలి కారుతుంది. కింద చేతిరుమాలో సర్జికల్ మాస్కో పెట్టి దాని మీద ఇది పెట్టుకోవడం కూడా సీలును చెడగొడుతుంది. ఒక మోడల్ ఎంత సర్దినా కుదరకపోతే వేరే ఆకారం, వేరే సైజు చూడండి. పెట్టె మొత్తం కొనేముందు ఒకటి రెండు తెప్పించుకుని ఇలా చూసుకోవడం మేలు.

ప్రాణాలు పోయే పొరపాటు ఇంకొకటుంది. ఎన్95 అయినా, పీ100 అయినా, ఎఫ్ఎఫ్‌పీ3 అయినా కణాలను ఆపుతాయి, వాయువులను ఆపవు. థిన్నరు, పెయింటు ఆవిర్లకు, అమ్మోనియాకు, క్లోరిన్‌కు ఆయా వాయువుకు తగిన కాట్రిడ్జి (వాయువును పీల్చుకునే పదార్థం నింపిన డబ్బా) పెట్టే రబ్బరు మాస్కు కావాలి. నియోష్ పద్ధతిలో సేంద్రియ ఆవిర్ల కాట్రిడ్జికి నలుపు రంగు, అమ్మోనియాకు ఆకుపచ్చ, ఆమ్ల వాయువులకు తెలుపు. యూరప్ పద్ధతిలో సేంద్రియ ఆవిర్లకు గోధుమ రంగు, అమ్మోనియాకు ఆకుపచ్చ, తెలుపు మాత్రం ధూళి కణాలకు. అదే తెలుపు రెండు చోట్లా వేర్వేరు అర్థాలిస్తుంది కాబట్టి రంగు చూసి కొనకుండా మీద రాసినది చదవండి. పెయింటు స్ప్రే చేసేవారికి ఆవిరి కాట్రిడ్జి ముందు కణాల ఫిల్టరు కూడా ఉండాలి. గట్టిపరచే ద్రవం కలిపి వాడే రెండు భాగాల పెయింట్లలో ఐసోసయనేట్లనే హానికర రసాయనాలుంటే వాసనతో పసిగట్టలేం, దానికి బయటి నుంచి గొట్టంతో గాలి అందించే పరికరమే సరైనది. సీలు తీసిన కాట్రిడ్జి పక్కన పడేసి ఉన్నా గదిలోని ఆవిర్లను పీల్చుకుంటూ అయిపోతుంది, గాలి చొరని సంచిలో మూసి ఉంచాలి. వాడుతుండగా వాసనో రుచో తెలిసిందంటే వెంటనే బయటికి వచ్చి మార్చాలి.

సెప్టిక్ ట్యాంకులోకో, మ్యాన్‌హోల్‌లోకో, పాడుబడ్డ బావిలోకో ఏ వడపోత మాస్కుతోనూ దిగకండి, ఎవరినీ దించకండి. గాలిలో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే వడపోసి ప్రయోజనం లేదు, లేని ఆక్సిజన్‌ను మాస్కు తయారు చేయలేదు. "గ్యాస్ మాస్కు, అన్ని వాయువులకూ" అని అమ్మే పేజీల్లో ఈ మాట కనబడదు.

ఇప్పటికే కొన్నవారు కవరు చించకముందే రెండు వైపులా ఫొటోలు తీసి, మీద ముద్రించినదంతా చదవండి. నంబరు లేకపోయినా, జాబితాతో కలవకపోయినా "తప్పు వివరణతో అమ్మిన వస్తువు" అన్న కారణం రాసి వాపసు అడగండి, "నచ్చలేదు" అని రాస్తే తిరస్కరించడం వారికి తేలిక. నంబరు మీద ఎవరి కంపెనీ పేరుంటే ఆ కంపెనీకీ ఫొటోలు పంపండి, నకిలీల మీద వారు చర్య తీసుకోగలరు. వాపసు రాకపోతే ఆ మాస్కును ఇల్లు ఊడ్చేటప్పుడు వాడుకోండి. రాయి, సిమెంటు, ఆస్బెస్టాస్, జబ్బు మనిషి దగ్గర మాత్రం వద్దు. ఇంకొకరికి "ఎన్95" అని చెప్పి ఇవ్వవద్దు.