ఏఏ మీటింగులకి ఆరేళ్ళుగా వెళ్తున్నా, మీ దగ్గర్లో మీటింగ్ వెతుక్కునేవాళ్ళ కోసం నా అనుభవం

మాది ఏలూరు వైపు, పదిహేనేళ్ళుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నా. రోజూ ఒక హాఫ్ పడందే నిద్రపట్టని స్థితి నుంచి తాగుడు మానే దారి పట్టి ఆరేళ్ళయింది. ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి మాట్లాడుకునే మీటింగులే నన్ను నిలబెట్టాయి, కానీ మొదటి మీటింగ్ దొరకడానికి నాకు మూడు వారాలు పట్టింది, అందుకే ఇదంతా రాస్తున్నా.

ఒక లిస్టులో ఉన్న అడ్రస్ పట్టుకుని ఆఫీస్ నుంచి నేరుగా వెళ్తే అక్కడ గేటుకి తాళం, వాచ్‌మెన్‌ని అడిగితే వాళ్ళు ఖాళీ చేసి చాలా రోజులైందన్నాడు. ఆ సాయంత్రం ఏడింటికి తిరిగొస్తుంటే దారి పొడుగునా వైన్ షాపులు, ఎలా ఇంటికి చేరానో నాకే తెలీదు, తాగే చేరాను. రెండోది అంతా ఇంగ్లీష్‌లో నడిచే గ్రూప్, మంచి మనుషులే, కానీ నా కడుపులో ఉన్నది నాకు ఇంగ్లీష్‌లో రాదు కదా. అందుకే చెప్తున్నా, ముందు గ్రూప్ నంబర్‌కి ఫోన్ చేయండి. ఈ వారం ఉందా, ఏ భాషలో, లోపలికి ఎటు నుంచి రావాలి, ఈ మూడూ అడగండి. బయట పెద్ద బోర్డు ఉంటుందని అనుకోకండి, మా గ్రూప్‌కైతే మెట్ల దగ్గర ఒక చిన్న అట్ట తప్ప ఏమీ ఉండదు.

మూడోది సికింద్రాబాద్ వైపు ఒక చర్చి ఆవరణలో చిన్నపిల్లల క్లాస్ రూమ్. చర్చి అనగానే మా అమ్మ భయపడింది, మతం మార్చేస్తారేమోరా అని. అలాంటిదేం లేదు, గ్రూప్ వాళ్ళు గది అద్దెకి తీసుకుంటారు అంతే. ఏఏలో పాటించే పన్నెండు మెట్లున్నాయి, స్టెప్స్ అంటారు, వాటిలో దేవుడి మాట వస్తుంది, నిజమే, కానీ నువ్వు నమ్మే దేవుడు ఎవరైనా సరే అంటారు, అసలు నమ్మనివాళ్ళు కూడా మా గదిలో ఇద్దరున్నారు. మానాలన్న కోరిక ఉంటే చాలు, ఫీజు లేదు, ఫారం లేదు, ఇంటిపేరు అడగరు. చివర్లో ఒక డబ్బా తిరుగుతుంది, ఉన్నవాళ్ళు పదో ఇరవయ్యో వేస్తారు, అద్దె, టీ దాంట్లోంచే.

ఆ మొదటి రోజు గోడ మీద అ ఆల చార్టు, పిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక ఇరుక్కుని కూర్చున్న పదిహేను మంది మగవాళ్ళు, నా చేతులేమో వణుకుతూనే ఉన్నాయి. టీ పోస్తున్న ఒక పెద్దాయన అందరికీ గ్లాసు నిండా పోసి నాకు మాత్రం సగమే పోశాడు, ఎందుకో మొదట అర్థం కాలేదు, గ్లాసు పట్టుకున్నాక తెలిసింది, నిండా పోస్తే ఒలికిపోయేది. ఆయన ఏమీ అనలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం "ఇయ్యాల తాగకుండ ఇంటికి పో బిడ్డా, రేపటి సంగతి రేపు" అన్నాడు. ఆయనే తర్వాత నా స్పాన్సర్ అయ్యాడు, అంటే గ్రూప్‌లో నాకు తోడుండి దారి చూపించే పాత సభ్యుడు.

అసలు ఏఏ మొదలైందే అలా, 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో బిల్ అనే స్టాక్ బ్రోకర్, బాబ్ అనే సర్జన్ కూర్చుని మాట్లాడుకోవడంతో, ఇద్దరూ తాగుడుతో నాశనమైనవాళ్ళే. మా ఇంట్లోవాళ్ళు పదేళ్ళు చెప్పినా ఎక్కనిది నాలా తాగి నాలా అబద్ధాలాడినవాడు చెప్తే ఎక్కింది.

బాగోనివి కూడా చెప్పాలి. గ్రూప్‌లో పరిచయమైన ఒకాయన రెండో నెలలోనే అప్పు అడిగాడు, ఇచ్చాను, తిరిగి రాలేదు, కాబట్టి డబ్బు లావాదేవీలు పెట్టుకోకండి. ఆడవాళ్ళు మా మీటింగుల్లో చాలా తక్కువ, వచ్చినవాళ్ళు ఇబ్బంది పడటం చూశాను, ఆడవాళ్ళకి విడిగా గ్రూప్ ఉందేమో ఫోన్‌లోనే అడగడం మంచిది. ఇంట్లోవాళ్ళకైతే అల్-అనాన్ అని వేరే మీటింగులుంటాయి, మా ఆవిడ వెళ్ళాకే నా జేబులు వెతకడం మానేసింది, తను కూడా కంటినిండా నిద్రపోవడం మొదలెట్టింది.

ఇంకొకటి చాలా ముఖ్యం. రోజూ బాగా తాగేవాళ్ళు మీటింగ్‌కి వెళ్ళాం కదా అని ఒక్కసారిగా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. ముందు డాక్టర్‌ని కలవండి. మీటింగ్ అనేది మందులకి బదులు కాదు. ఎవర్ని అడగాలో తెలియకపోతే 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, రెండూ ఫ్రీ.

మూడో ఏడు నేను ఒకసారి స్లిప్ అయ్యాను, అంటే మళ్ళీ తాగాను, చెల్లెలి పెళ్ళిలో. పదకొండు రోజులు మొహం చూపించలేక వెళ్ళలేదు. వెళ్ళిన రోజు మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క పెట్టుకోమన్నారు, ఒక్కరు కూడా దెప్పలేదు. పైన ఆరేళ్ళన్నాను కదా, అది మీటింగుల లెక్క, మళ్ళీ తాగకుండా ఉన్నది మూడేళ్ళ మీద నాలుగు నెలలు.

ఒకటి నచ్చకపోతే ఇంకోటి చూడండి, కనీసం ఐదారు మీటింగులు తిరక్కుండా నిర్ణయానికి రావద్దు. పండగ రోజుల్లో కూడా మా గ్రూప్ మూయదు, డిసెంబర్ 31 రాత్రి కూడా ఉంటుంది, ఆ రోజు టీ డ్యూటీ నాది.