మాల్దీవుల్లో ఆల్ ఇన్‌క్లూసివ్: దేనికి కడుతున్నాం, ఏం దక్కుతుంది?

మాల్దీవుల్లో ఒక దీవి అంటే ఒక రిసార్టు. 1972లో కురుంబాతో రిసార్టులు మొదలైనప్పటి నుంచీ దాదాపు ఇదే పద్ధతి. వినడానికి బాగుంటుంది గానీ, దీని అసలు సంగతి ఆకలేసినప్పుడు తెలుస్తుంది. నాలుగడుగులు వేసి బయట తినొద్దామంటే చుట్టూ సముద్రమే. వాళ్లు ఎంతంటే అంత.

మేం దిగిన చోట మెనూలో ప్రతి ధర పక్కనా రెండు ప్లస్ గుర్తులున్నాయి. ఒకటి పది శాతం సర్వీస్ చార్జి. రెండోది, ఆ మొత్తం మీద పడే పర్యాటక జీఎస్టీ. 2025 జులై నుంచి అది 17 శాతం. అంటే పది డాలర్ల జ్యూస్ బిల్లులో 12.87 అవుతుంది. పిల్లలు పూల్‌లోంచే "అమ్మా, ఇంకోటి" అని కేకేస్తుంటే మనసులో లెక్కలు మొదలవుతాయి. తిండీ తాగేవీ అన్నీ ముందే ధరలో కలిపేసే ఆల్ ఇన్‌క్లూసివ్ ప్యాకేజీ తీసుకున్నందుకు నాకు ఆ లెక్కల బాధ తప్పింది. అసలు లాభం అదే అంటాను.

అయితే ఆ ప్యాకేజీ ధరలో పెద్ద వాటా బార్‌ది. మద్యం బయటి నుంచి తీసుకెళ్లనివ్వరు, విమానాశ్రయంలోనే సీసాలు తీసి పక్కన పెట్టేస్తారు. మావారు రెండు బీర్లతో సరి, మా అత్తగారూ నేనూ ఆ వైపే వెళ్లం. ఇలాంటి ఇళ్లవాళ్లు మూడు పూటలా భోజనం ఉండే ఫుల్ బోర్డు ధర పక్కన పెట్టి చూసుకోవాలి. మంచినీళ్లు, కాఫీ, భోజనంతో పాటు జ్యూస్ అందులో వస్తాయో లేదో ముందే రాయించుకుంటే చాలాసార్లు అదే గిట్టుబాటు.

"అన్నీ కలిపి" అన్నా అన్నీ ఉండవు. స్పా, జెట్‌స్కీ, బఫే కాకుండా విడిగా ఉండే రెస్టారెంట్లు మామూలుగా బయటే. గ్రీన్ ట్యాక్స్ ఉంది: రిసార్టుల్లో మనిషికి రోజుకు 12 డాలర్లు, 2025 జనవరి ముందు ఇందులో సగమే ఉండేది. ప్యాకేజీలో కలిపారో లేదో అడగాలి.

వీటన్నిటికంటే పెద్ద ఖర్చు దీవికి చేరడం. రాజధాని మాలే దగ్గరి దీవులకు స్పీడ్‌బోటు, దూరమైతే నీళ్ల మీద దిగే చిన్న విమానం, సీప్లేన్. సీప్లేన్ పగటిపూటే ఎగురుతుంది. మన విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలేలోనో పక్కనున్న హుల్హుమాలే దీవిలోనో పడుకోవాల్సిందే. రిసార్టులో ఒక రాత్రికి కట్టిన డబ్బు నీళ్లపాలు. సామాను కూడా తూకం వేస్తారు. ఎక్కాక మాత్రం గొప్పగానే ఉంటుంది: చెప్పుల్లేని పైలట్, చెవులు పగిలే మోత, కింద నీలి నీళ్లలో పగడపు దిబ్బల వలయాలు. మా అత్తగారు కళ్లు మూసుకుని విష్ణుసహస్రనామం అందుకున్నారు, సగంలో ఆపేసి కిటికీకి అతుక్కుపోయారు. స్పీడ్‌బోటు చవక. కానీ నైరుతి గాలుల కాలంలో అలల మీద ఎగిరెగిరి పడుతుంటే నడుం నొప్పి ఉన్నవాళ్లకు నరకం.

నేను రిసార్టును తూచేది గది చూసి కాదు, పగడాల గట్టు చూసి. హౌస్ రీఫ్ అంటారు దాన్ని. మా జెట్టీ చివర మెట్లు దిగితే నడుంలోతు తెల్ల ఇసుక, పది బారలు ఈదేసరికి కాళ్ల కింద నేల మాయమై ముదురు నీలం. చెవులు నీళ్లలో పెట్టి వింటే కరకరమని చప్పుడు, ప్యారట్ ఫిష్‌లు పగడాన్ని కొరుకుతున్నాయి. 1998, 2016 వేడి దెబ్బలకు చాలా చోట్ల పగడాలు తెల్లబోయాయి కాబట్టి ఫొటోల్లోని రంగులు ఆశించొద్దు, చేపలు మాత్రం దండిగా ఉంటాయి. కొన్ని దీవుల్లో లోతు లేని మడుగే తప్ప గట్టు దగ్గర్లో ఉండదు, అక్కడికి పడవలో వెళ్లాలి, దానికి వేరే డబ్బు. బుక్ చేసేముందు ఉపగ్రహ మ్యాప్‌లో దీవి అంచు చూడండి. ముదురు గీత ఒడ్డుకు ఆనుకుని ఉంటే మంచి దీవి.

నీళ్ల మీది విల్లాలు అందంగానే ఉంటాయి, కానీ భోజనశాలకు దూరం; బగ్గీ కోసం ఎదురుచూడాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఒడ్డు విల్లానే నయం. తిండికి ఇబ్బంది పడలేదు. అక్కడి వంటలో ట్యూనా లేనిది తక్కువ, పొద్దున్నే పెట్టే మాస్ హునిలోనూ అదే. అయినా వంటగదికి ముందురోజు చెబితే పప్పు, పెరుగు వచ్చేవి.

మే నుంచి అక్టోబరు దాకా ధరలు తగ్గుతాయి, వానలూ ఉంటాయి. ఆ నెలల్లోనే బా అటాల్ అనే దీవుల వలయంలోని హనిఫారు బేకి మాంటా రేలనే పెద్ద చేపలు మేతకు వస్తాయి. అక్కడ సిలిండర్ కట్టుకుని లోతుకు దిగే స్కూబా కుదరదు, పైన తేలుతూ చూసే స్నార్కెలింగ్ ఒక్కటే. మాంటాల కోసమే అయితే వానకాలమే వెళ్లాలి.

నాలుగు రోజులు దాటితే మాత్రం అదే బఫే, అదే బాట, అవే ముఖాలు. అంతకంటే ఎక్కువ ఉండాలనుకునేవాళ్లు చివరి రోజులు మాఫుషి, ధిగురా లాంటి ఊళ్లున్న దీవుల గెస్ట్‌హౌస్‌కి మారడం మేలు. అక్కడ మద్యం దొరకదు, ఈత దుస్తులు పర్యాటకులకు విడిగా కేటాయించిన బికినీ బీచ్‌లోనే వేసుకోవాలి. కానీ ధిగురా నుంచి తిమింగల సొరలను చూపించే పడవకు రిసార్టు అడిగేదానికంటే బాగా తక్కువ తీసుకుంటారు, సాయంత్రం నడిచి వెళ్లి టీ తాగడానికి కొట్టూ ఉంటుంది.