స్విచ్ ఓఎల్‌ఈడీ కొనాలా, పాతదే చాలా, స్విచ్ 2కే పోవాలా?

నింటెండో స్విచ్ అంటే చేత్తో పట్టుకునీ, టీవీకి కలిపీ ఆడుకునే గేమ్ కన్సోల్. ఓఎల్‌ఈడీ అంటే మెరుగైన స్క్రీన్‌తో వచ్చిన దాని రకం, స్విచ్ 2 అంటే దాని తర్వాతి తరం. ముందే చెప్పేస్తాను. నింటెండో స్విచ్ ఓఎల్‌ఈడీలో గేమ్స్ పాత స్విచ్‌లో కంటే పిసరంత కూడా వేగంగా నడవవు. పని చేసే సత్తా అదే, టీవీకి కలిపితే కనిపించే బొమ్మ అదే. 2021 అక్టోబర్ 8న ఇది బయటికి వచ్చినప్పుడు చాలామంది నిరుత్సాహపడింది ఇందుకే. అమెరికాలో ధర మాత్రం 300 డాలర్ల నుంచి 350కి చేరింది. అయినా చేత్తో పట్టుకుని ఆడేవాళ్లకు ఆ కుటుంబం మొత్తంలో ఇదే మంచిదని నేను గట్టిగా అంటాను. రెండు మాటలూ నిజమే. మీకు ఏది వర్తిస్తుందో తెలియాలంటే మీరు ఎక్కువగా ఎక్కడ కూర్చుని ఆడతారో చూసుకోవాలి.

'పాత స్విచ్' అని మనం అనేది నిజానికి ఒకటి కాదు, రెండు. 2017 మార్చిలో వచ్చిన మొదటిది ఒకటి, 2019లో పెద్దగా హడావుడి లేకుండా మార్చిన రెండోది ఇంకొకటి. పక్కపక్కన పెట్టినా తేడా కనిపించదు. ఆడుతుంటేనే తెలుస్తుంది. 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' ఆడితే మొదటిది సుమారు 3 గంటలు, రెండోది సుమారు ఐదున్నర గంటలు వస్తుందని నింటెండోయే లెక్క ఇచ్చింది. అలాగని బ్యాటరీ పెద్దది చేయలేదు, చిప్‌నే తక్కువ కరెంటు తీసుకునేలా మార్చారు. ఓఎల్‌ఈడీకి కూడా అదే ఐదున్నర గంటలు. కాబట్టి మీ దగ్గర 2019 రకం ఉంటే బ్యాటరీ విషయంలో కొత్తగా ఒరిగేదేమీ లేదు. 2017 రకం ఉంటే మాత్రం ఆడే సమయం దాదాపు రెట్టింపు అవుతుంది, కొత్త స్క్రీన్ దానికి అదనం. ఏది మీ దగ్గర ఉందో తెలుసుకోవాలంటే కింది అంచున ఉన్న సీరియల్ నంబర్ చూడండి. ఎక్స్ఏడబ్ల్యూతో మొదలైతే మొదటిది, ఎక్స్‌కేడబ్ల్యూతో మొదలైతే రెండోది.

ఇక స్క్రీన్. 6.2 అంగుళాల ఎల్‌సీడీ స్థానంలో 7 అంగుళాల ఓఎల్‌ఈడీ వచ్చింది, కానీ మొత్తం కన్సోల్ సైజు దాదాపు అలాగే ఉంది. చుట్టూ ఉన్న నల్లటి అంచును తగ్గించి ఆ చోటును స్క్రీన్‌కు ఇచ్చారు. రిజల్యూషన్, అంటే స్క్రీన్ మీది చుక్కల సంఖ్య, పెరగలేదు, రెండిటికీ 720పీనే. కాగితం మీద చూస్తే ఇది లోటే. నా కళ్లకు మాత్రం మేలే చేసింది. అక్షరాలు దాదాపు 13 శాతం పెద్దగా కనిపిస్తాయి, నలభై దాటాక చిన్న అక్షరాల మెనూలు చదవడంలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

అసలైన తేడా మాత్రం నలుపులోనే ఉంది. ఎల్‌సీడీ వెనక ఎప్పుడూ ఒక లైటు వెలుగుతూ ఉంటుంది కాబట్టి నల్లటి చోటు కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, నల్లగా ఉండాల్సిన చుక్క పూర్తిగా ఆరిపోతుంది. ఓఎల్‌ఈడీ వచ్చిన రోజునే విడుదలైన 'మెట్రాయిడ్ డ్రెడ్'లో చాలాసేపు చీకటి సొరంగాల్లోనే తిరుగుతాం. డల్లాస్ నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు, విమానంలో లైట్లు ఆర్పేశాక ఆ గేమ్ పెట్టుకుని చూడండి. పాత స్క్రీన్ మీద పొగమంచు కప్పినట్టు ఉన్న చోట ఇక్కడ రంగులు నిలబడతాయి. నేను ఈ ఒక్క కారణానికే డబ్బు పెట్టాను, ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

ఒక జాగ్రత్త. ఓఎల్‌ఈడీ స్క్రీన్ గాజు, పగిలితే ముక్కలు చెల్లాచెదురు కాకుండా కంపెనీయే దాని మీద ఒక పల్చటి ఫిల్మ్ అతికించి పంపుతుంది. కొత్త ఫోన్ మీది ప్లాస్టిక్ కాగితం అనుకుని దాన్ని పీకేయకండి. స్క్రీన్ గార్డ్ వేయాలనుకుంటే దాని పైనే వేయాలి.

మిగతా మార్పులు చిన్నవి. స్టోరేజ్ 32 జీబీ నుంచి 64 అయింది, ఎలాగూ మెమరీ కార్డు కొనాల్సిందే. డాక్‌కు, అంటే కన్సోల్‌ను టీవీకి కలిపే పెట్టెకు, నెట్ కేబుల్ పెట్టే పోర్టు వచ్చింది. బరువు జాయ్‌కాన్‌లతో (రెండు పక్కలా ఊడదీయగలిగే కంట్రోలర్లతో) కలిపి 398 గ్రాముల నుంచి 420 అయింది, చేతికి తెలియదు. స్టాండ్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. పాతదానికి ఒక మూల పుల్లలాంటి కాలు ఉండేది, బల్ల కాస్త కదిలితే పడిపోయేది. కొత్త స్టాండ్ వెనక మొత్తం వెడల్పునా ఉంటుంది, ఎంత వాలుగా కావాలంటే అంత వాల్చుకోవచ్చు. డైనింగ్ టేబుల్ మీద నిలబెట్టి తలా ఒక జాయ్‌కాన్ పట్టుకుని 'మారియో కార్ట్' ఆడే ఇంట్లో దీని విలువ తెలుస్తుంది.

చవకైనది కావాలంటే 2019 సెప్టెంబర్‌లో వచ్చిన స్విచ్ లైట్ ఉంది. 5.5 అంగుళాల స్క్రీన్, 275 గ్రాములు. చిన్న పిల్లల చేతికి చక్కగా సరిపోతుంది. కానీ టీవీకి కలపలేం, జాయ్‌కాన్‌లు విడిగా రావు. తాకకుండానే స్టిక్ దానంతట అదే ఒక వైపుకు జరిగిపోయే సమస్య స్విచ్ కంట్రోలర్లకు మొదటి నుంచీ ఉంది, 2020 జూన్‌లో నింటెండో అధ్యక్షుడు షుంటారో ఫురుకావా క్షమాపణ కూడా చెప్పారు. మామూలు స్విచ్‌కైనా ఓఎల్‌ఈడీకైనా ఆ సమస్య వస్తే ఒక్క జాయ్‌కాన్ మార్చుకుంటే సరి. లైట్‌కు వస్తే మొత్తం కన్సోల్‌నే రిపేరుకు పంపాలి. ఒక్క బిడ్డ, చేతిలో పట్టుకుని ఆడే గేమ్, అంతే చాలు అనుకునే ఇంటికి తప్ప నేను లైట్ సలహా ఇవ్వను.

ఇంతవరకు తేలిక. లెక్క తారుమారైంది 2025లో. జూన్ 5న స్విచ్ 2 అమెరికాలో 450 డాలర్లకు వచ్చింది. ఆగస్టులో నింటెండో అక్కడ పాత స్విచ్‌ల ధరలు పెంచింది. 350 ఉన్న ఓఎల్‌ఈడీ 400 అయింది, 300 ఉన్న మామూలుది 340, లైట్ 230. అంటే కొత్త తరానికీ ఓఎల్‌ఈడీకీ మధ్య మిగిలింది 50 డాలర్లే. స్విచ్ 2లో ఎంతో వేగవంతమైన చిప్, 7.9 అంగుళాల 1080పీ స్క్రీన్, 256 జీబీ స్టోరేజ్ ఉన్నాయి, పాత స్విచ్ గేమ్స్‌లో దాదాపు అన్నీ ఆడతాయి. కాకపోతే ఆ స్క్రీన్ మళ్లీ ఎల్‌సీడీ. బరువు 534 గ్రాములు, పడుకుని ఆడేవాళ్లకు చేతులు లాగుతాయి. బ్యాటరీ 2 నుంచి ఆరున్నర గంటలు, ఓఎల్‌ఈడీది నాలుగున్నర నుంచి 9 గంటలు. పాత మెమరీ కార్డులో గేమ్స్ పెట్టుకోవడం కుదరదు, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమే కొనాలి.

అయినా నా తీర్పు ఇది. 2025 ఆగస్టు నాటి ధరల ప్రకారం చూస్తే, కొత్త పెట్టె విప్పాలనుకుంటే 400 డాలర్లు ఓఎల్‌ఈడీకి పెట్టకండి, ఇంకో 50 వేసి స్విచ్ 2 తీసుకోండి, రాబోయే గేమ్స్ దాని కోసమే వస్తాయి. 2019 స్విచ్ టీవీ కింద డాక్‌లోనే ఉండేవాళ్లు ఓఎల్‌ఈడీకి ఒక్క డాలరు కూడా పెట్టనక్కర్లేదు. 2017 స్విచ్‌తో చేతిలో ఆడేవాళ్లకూ, పాత గేమ్స్ పూర్తి చేయడమే పనిగా ఉన్నవాళ్లకూ మంచి సెకండ్ హ్యాండ్ ఓఎల్‌ఈడీ దొరికితే అంతకంటే ఏమీ వద్దు.

ఇండియాలో ఉన్న తమ్ముడికో మేనకోడలికో పంపాలనుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. స్విచ్‌ను నింటెండో ఇండియాలో అధికారికంగా అమ్మలేదు. అక్కడ షాపుల్లో కనిపించేవి దిగుమతి సరుకు, వాటికి కంపెనీ వారంటీ ఆశించకూడదు. గేమ్ కార్డులకు దేశం అడ్డం రాదు, అమెరికాలో కొన్నవి హైదరాబాద్‌లోనూ ఆడతాయి. రిపేరు కష్టం కాబట్టి, అక్కడికి పంపేదైతే జాయ్‌కాన్ విడిగా మార్చుకోగలిగే రకమే పంపండి, లైట్ వద్దు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు చేతిలోకి తీసుకోకుండా డబ్బు ఇవ్వకండి. సెట్టింగ్స్‌లో స్టిక్ క్యాలిబ్రేషన్ తెరిచి, స్టిక్ వదిలేశాక గుర్తు మధ్యలో నిలుస్తుందో లేదో చూడండి. ఫిల్మ్ ఉందో లేదో అంచు దగ్గర గోటితో తడిమి చూడండి. డాక్‌లో పెట్టి టీవీలో బొమ్మ వస్తోందేమో చూడండి. పాత యజమాని తన అకౌంట్‌ను మీ ఎదురుగానే తీసేయాలి.