ల్యాప్‌టాప్ డ్రైవ్‌తో డ్యూయల్ లేయర్ డీవీడీలు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ల్యాప్‌టాప్‌తో వచ్చే సన్నటి డీవీడీ రైటర్‌తో డ్యూయల్ లేయర్ డిస్కులు (రెండు పొరల్లో డేటా పట్టేవి) నమ్మకంగా రాయవచ్చు. కాకపోతే మామూలు డిస్కుకి చేసినట్టు లోపల పెట్టి, బటన్ నొక్కి, వేరే పని చూసుకుందామంటే కుదరదు. నా దగ్గరున్నది 12.7 మిల్లీమీటర్ల మందం ఉన్న సాటా డ్రైవ్, పాత ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చింది. మినీ డీవీ టేపుల్లో ఉన్న చుట్టాల పెళ్లిళ్లు, ఒడుగులు, గృహప్రవేశాలు అన్నీ దీంతోనే డిస్కుల మీదకి ఎక్కిస్తూ వచ్చాను. 4.7 జీబీ డిస్కులతో ఇది నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. 8.5 జీబీ పట్టే డ్యూయల్ లేయర్ డిస్కుల దగ్గరే అసలు టెన్షన్. ఆ డిస్కు ధర ఎక్కువ, ఒకసారి పాడైతే చెరిపి మళ్లీ రాసే వీలు లేదు. పైగా చాలా టేపులు ఇప్పుడు ప్లే కూడా కావు, కాబట్టి డిస్కు సరిగ్గా రావడం నాకు చాలా ముఖ్యం.

బర్న్ (డిస్కు మీద రాయడం) ఫెయిల్ అయితే ముందు చూడాల్సింది అది ఏ దశలో ఆగిందన్నది. మొదట్లోనే ఆగడం, సగంలో ఆగడం, అంతా రాశాక వెరిఫైలో (రాసిందాన్ని చదివి సరిచూసుకోవడంలో) దొరికిపోవడం, ఈ మూడింటికీ కారణాలు వేరు.

మొదట్లోనే ఆగితే ఎక్కువగా కనిపించేది ‘పవర్ కాలిబ్రేషన్ ఏరియా ఎర్రర్’. రాయడానికి ముందు డ్రైవ్ డిస్కు మీద ఇందుకోసమే ఉంచిన కొంచెం జాగాలో లేజర్‌ని తక్కువ పవర్‌తో, ఎక్కువ పవర్‌తో పరీక్షించుకుంటుంది. ఏ పవర్ సరిపోతుందో తేలకపోతే అక్కడే చేతులెత్తేస్తుంది. నా డ్రైవ్‌లో దీనికి సగం కారణం దుమ్ము. ట్రే ఉన్న ల్యాప్‌టాప్ డ్రైవ్‌లలో లెన్స్ ఆ ట్రేలోనే ఉంటుంది. ట్రే బయటికి లాగిన ప్రతిసారీ లెన్స్ కూడా గాలికి, దుమ్ముకి బయటపడుతుంది. ఇయర్‌బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, బాగా పిండి, లెన్స్ మీద అస్సలు నొక్కకుండా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాక వాడతాను. లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది, గట్టిగా అదిమితే డ్రైవ్ పనికిరాకుండా పోతుంది. డిస్కుని మధ్యలో వేళ్లతో నొక్కి, టక్కుమని శబ్దం వచ్చేదాకా కూర్చోబెట్టడం కూడా తప్పనిసరి. కాస్త వంకరగా కూర్చున్నా ఒక పొర ఉన్న డిస్కు సర్దుకుపోతుంది గానీ రెండు పొరలది సర్దుకోదు.

సగంలో ఆగడం దీనికన్నా ఆసక్తికరమైన సంగతి. డిస్కులో రికార్డింగ్ పొరలు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. మొదటి పొర సగం పారదర్శకం, లేజర్ దాన్ని దాటుకుని వెళ్లి రెండో పొర మీద రాయాలి. రాత లోపలి నుంచి బయటి అంచు వైపు సాగుతుంది. అక్కడ పొలం గట్టు దగ్గర ఎడ్లను తిప్పినట్టు లేజర్ ఫోకస్‌ని రెండో పొర మీదకి మార్చుకుని, మళ్లీ లోపలికి రాసుకుంటూ వస్తుంది. ఆ మలుపునే లేయర్ బ్రేక్ అంటారు. డీవీడీ ప్లస్ ఆర్ డీఎల్ (డ్యూయల్ లేయర్‌లో ఒక రకం) డిస్కు పూర్తిగా నిండితే మొత్తం 41,73,824 సెక్టార్లు (డేటాని పంచే చిన్న భాగాలు), మలుపు 20,86,912 దగ్గర వస్తుంది. బర్నింగ్ లాగ్‌లో (సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే వివరాల్లో) ఎర్రర్ వచ్చిన సెక్టార్ నంబర్ దీనికి దగ్గర్లో ఉంటే సాఫ్ట్‌వేర్‌ని అనుమానించి ప్రయోజనం లేదు. డ్రైవ్ ఆ మలుపు దగ్గరే తడబడుతోందని అర్థం.

డిస్కు బయటి అంచు తయారీలోనే కాస్త బలహీనంగా ఉండే చోటు. డిస్కు ఏ కొంచెం వంగినా అది అంచు దగ్గరే ఎక్కువగా తెలుస్తుంది. అందుకని నేను డిస్కుని నిండా నింపడం మానేశాను. డేటా 7 జీబీ ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని దాదాపు సమానంగా పంచి మూడున్నర జీబీ దగ్గరే పొర మారుస్తుంది, లేజర్ చివరి అంచుదాకా వెళ్లాల్సిన అవసరమే ఉండదు. ఈ డ్రైవ్‌తో నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఇదే. మిగిలిపోయిన ఒకటిన్నర జీబీ గురించి నాకే బాధా లేదు. వీడియో డీవీడీ అయితే మలుపుని మనకి నచ్చిన చోట పెట్టలేం, అది వీడియోలోని సెల్ (వీడియోని విడగొట్టే చిన్న ముక్క) సరిహద్దు మీదే పడాలి. అందుకే చాప్టర్లు ఎక్కువ పెట్టి ఆథరింగ్ (వీడియోని డీవీడీ రూపంలోకి పేర్చడం) చేస్తాను, అప్పుడు మధ్యకి దగ్గర్లో ఏదో ఒక సరిహద్దు దొరుకుతుంది.

ఇక డిస్కుల సంగతి. ప్రతి ఖాళీ డిస్కులో తయారీదారు కోడ్ ఒకటి ముందే రాసి ఉంటుంది. డ్రైవ్ ఫర్మ్‌వేర్‌లో (డ్రైవ్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్‌లో) ఆ కోడ్ ఉంటే దానికి తగ్గ రాత పద్ధతి వాడుతుంది, లేకపోతే ఏదో ఉజ్జాయింపుగా రాస్తుంది. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లకి ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు అరుదు కాబట్టి డ్రైవ్‌కి తెలిసిన డిస్కుని మనమే వెతుక్కోవాలి. పేరున్నదే అయినా ఒక బ్రాండ్ చవక స్పిండిల్ (డిస్కుల కట్ట) నా డ్రైవ్‌కి అస్సలు పడలేదు. వెర్బాటిమ్‌లో ఎంకేఎం 001, ఎంకేఎం 003 కోడ్‌లు ఉన్నవి మాత్రం చక్కగా పడ్డాయి. మొదటిది 2.4ఎక్స్ డిస్కు, రెండోది 8ఎక్స్ (ఎక్స్ అంటే రాసే వేగం కొలత). వెర్బాటిమ్ వ్యాపారాన్ని మిత్సుబిషి కెమికల్ తైవాన్‌కి చెందిన సీఎంసీ మాగ్నెటిక్స్‌కి అమ్ముతున్నట్టు 2019లో ప్రకటించింది కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు పెట్టె మీది పేరు చూసి ఆగకుండా లోపలి కోడ్ కూడా చూసుకోవడం మంచిది. ఇమ్గ్‌బర్న్ అనే బర్నింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి డిస్కు పెట్టగానే కుడివైపు అది కనిపిస్తుంది.

‘ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిది’ అనే సలహా చాలామంది ఇస్తారు. డ్యూయల్ లేయర్ విషయంలో నేను ఒప్పుకోను. 8ఎక్స్ డిస్కుని 2.4ఎక్స్‌లో రాసినప్పుడు నాకు ఫలితం మెరుగుపడలేదు, పైగా నిండు డిస్కుకి 43 నిమిషాలు దాటుతుంది. 4ఎక్స్ దగ్గర 27 నిమిషాల్లోపే అయిపోతుంది, వెరిఫై కూడా శుభ్రంగా వస్తోంది. ఆ డిస్కు తయారైందే ఎక్కువ వేగాల కోసం, మరీ కిందికి దించితే దానికి మేలు చేసినట్టు కాదు.

కరెంటు సంగతి చాలామంది పట్టించుకోరు. సన్నటి డ్రైవ్‌కి దొరికేది 5 వోల్టులే, డెస్క్‌టాప్ డ్రైవ్‌కి ఉండే 12 వోల్టుల లైను దీనికి లేదు. ఛార్జర్ పెట్టి, స్లీప్ ఆపేసి, ముందు ఐఎస్‌ఓ ఫైల్ (డిస్కులో ఉండాల్సిందంతా కలిపిన ఒకే ఫైల్) తయారు చేసుకుని, అప్పుడే బర్న్ మొదలుపెడతాను. ఇదే డ్రైవ్‌ని కేసింగ్‌లో పెట్టి యూఎస్‌బీతో వాడాలనుకునేవాళ్లకి ఒక మాట: యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది, రాసేటప్పుడు డ్రైవ్‌కి అది చాలదు. రెండు పోర్టులకి పెట్టే వై కేబుల్ గానీ, విడిగా అడాప్టర్ గానీ ఉండాల్సిందే. హబ్‌లో మాత్రం పెట్టవద్దు.

సాఫ్ట్‌వేర్ విషయంలో నాకు ఇమ్గ్‌బర్నే చాలు. 2013లో వచ్చిన 2.5.8.0 తర్వాత కొత్త వెర్షన్ రాకపోయినా, ఏ సెక్టార్ దగ్గర ఏమైందో ఇంత విడమరిచి చెప్పే లాగ్ ఇంకో దాంట్లో నేను చూడలేదు. వెరిఫై టిక్ ఎప్పుడూ తీయను. బర్న్ ‘సక్సెస్’ అన్నాక వెరిఫైలో ‘ఎల్‌ఈసీ అన్‌కరెక్టబుల్ ఎర్రర్’ (సరిదిద్దలేని తప్పు) వచ్చిన డిస్కులు నాకు తగిలాయి. అలాంటిది ఈ రోజు పైకి బాగానే ప్లే అయినా చుట్టాలకి ఇవ్వను.

కొత్తగా డ్రైవ్ కొనే ఆలోచన ఉంటే, డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు పెద్ద డ్రైవే తీసుకోండి. అందులో రాత నిలకడగా ఉంటుంది. ల్యాప్‌టాప్ తప్ప ఇంకేమీ లేనివాళ్లు ఈ సన్న డ్రైవ్‌ని నిశ్చింతగా ఉంచుకోవచ్చు. పాత డీవీడీ ప్లేయర్ ఉన్న ఇళ్లకి ఇచ్చే డిస్కులకి మాత్రం బుక్ టైప్ (ఇది ఏ రకం డిస్కో ప్లేయర్‌కి చెప్పే గుర్తు) ‘డీవీడీ రోమ్’ (DVD-ROM)గా మారిందో లేదో చూసుకుని పంపండి. కొన్ని డ్రైవ్‌లు దాన్ని వాటంతటవే మారుస్తాయి, కొన్నింటిలో మనం సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చాలి.