లైన్‌ను మాటలుగా విడగొట్టాలంటే: స్ట్ర్‌టోక్ మేలా, సొంత లూప్ మేలా?

యూజర్ టైప్ చేసిన లైన్‌లో మాటల మధ్య ఒక స్పేస్ ఉండొచ్చు, నాలుగుండొచ్చు, ట్యాబ్ కూడా ఉండొచ్చు. సీ భాష నేర్చుకునేవాళ్లు ముందు ఒక్కో మాటగా చదివే స్కాన్ఎఫ్ %ఎస్ దగ్గరికే వెళ్తారు. దానికి న్యూలైన్ కూడా ఒక ఖాళీయే, కాబట్టి లైన్ ఎక్కడ అయిపోయిందో తెలియదు. %19ఎస్ అని హద్దు పెట్టకపోతే 20 బైట్ల బఫర్ పొంగిపోవచ్చు. దాన్ని పక్కన పెట్టి, ఎఫ్‌గెట్స్‌తో లైన్ మొత్తం తెచ్చుకున్నాం అనుకుందాం.

స్ట్రింగ్‌ను ముక్కలు చేసే లైబ్రరీ ఫంక్షన్ స్ట్ర్‌టోక్ వాడటం తేలిక. స్పేస్, ట్యాబ్, న్యూలైన్ ఇవీ డీలిమిటర్లు (మాటలను విడదీసే గుర్తులు) అని చెబితే చాలు, వరుస ఖాళీలన్నిటినీ ఒకేసారి దాటేస్తుంది. (కామాల ఫైల్‌లో ఇదే గుణం కొంప ముంచుతుంది. రెండు కామాల మధ్య ఉన్న ఖాళీ గడి మాయమైపోతుంది.) అసలు చిక్కేమిటంటే, మాట ముగిసిన చోట అది మన స్ట్రింగ్‌లోనే, స్ట్రింగ్ అయిపోయిందని చెప్పే సున్నా బైట్ రాసేస్తుంది. తర్వాత ఎర్రర్ మెసేజ్‌లో లైన్ మొత్తం చూపిద్దామంటే మొదటి మాటే కనబడుతుంది. పైగా ఎక్కడిదాకా వచ్చిందో తన లోపలే గుర్తుపెట్టుకుంటుంది. బయటి లూప్‌లో లైన్లను, లోపలి లూప్‌లో మాటలను దీనితోనే విడగొడుతూ నేనొకసారి రాశాను. మొదటి లైన్ కాగానే బయటి లూప్ ఆగిపోయింది. తప్పు డేటాలో ఉందేమోనని ఒక పూటంతా వెతికాను! పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) లోని స్ట్ర్‌టోక్_ఆర్ ఆ గుర్తును మన వేరియబుల్‌లో ఉంచుతుంది. అదీ స్ట్రింగ్‌ను మాత్రం మార్చేస్తుంది.

సొంత లూప్‌కు రెండు పాయింటర్లు చాలు. ఒకటి ఖాళీలు దాటి మాట మొదట్లో ఆగుతుంది, రెండోది మాట చివరిదాకా నడుస్తుంది. స్ట్రింగ్ చెక్కుచెదరదు. ఒక క్యారెక్టర్ ఖాళీయో కాదో చెప్పే ఈజ్‌స్పేస్ ఫంక్షన్, మామూలు సీ లొకేల్‌లో (భాషా సెట్టింగ్‌లో) 6 అక్షరాలను ఖాళీగా లెక్కిస్తుంది. వాటిలో క్యారేజ్ రిటర్న్ కూడా ఉంది. విండోస్ నుంచి వచ్చిన ఫైళ్లలో లైన్ చివర దాక్కునేది అదే, స్ట్ర్‌టోక్ డీలిమిటర్లలో మనం మరిచిపోయేదీ అదే. అయితే ఈజ్‌స్పేస్‌కు క్యారెక్టర్‌ను అన్‌సైన్డ్ క్యార్‌గా మార్చి ఇవ్వాలి. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా 3 బైట్లు, మూడూ 127 దాటినవే. క్యార్ సైన్డ్ అయిన చోట అవి మైనస్ విలువలవుతాయి, నేరుగా ఇస్తే ఏం జరుగుతుందో స్టాండర్డ్ హామీ ఇవ్వదు.

చిన్న టూల్‌కు, లైన్ మళ్లీ అక్కర్లేనప్పుడు స్ట్ర్‌టోక్ చాలు. వేరేవాళ్ల స్ట్రింగ్ తీసుకునే ఫంక్షన్ అయితే నా ఓటు లూప్‌కే. లూప్‌లో ఒక్కో అక్షరం చూసుకునే ఓపిక లేకపోతే స్ట్ర్‌స్పాన్, స్ట్ర్‌సీస్పాన్ జంట ఉంది. మొదటిది ఎన్ని ఖాళీలు దాటాలో, రెండోది మాట పొడవెంతో చెబుతుంది. స్ట్రింగ్ జోలికి రావు, ఆ అన్‌సైన్డ్ గొడవా ఉండదు.