పిల్లల పురావస్తు క్లబ్బు: తవ్వకం కన్నా నమోదుకే పెద్దపీట

దక్షిణ చెన్నైలో పది నుంచి పదిహేడేళ్ల పిల్లల కోసం ఆదివారాలు నడిచే ఒక పురావస్తు క్లబ్బులో మా అమ్మాయిని చేర్పించాము. మా అపార్ట్‌మెంటులోని తెలుగు కుటుంబాలవారు దీని గురించి తరచుగా వాకబు చేస్తున్నందున, అక్కడి మంచిచెడ్డలు కాస్త వివరంగా రాస్తున్నాను.

లంకెబిందెల మీద ఆశతో పిల్లల్ని పంపేవారికి నిరాశ తప్పదు. రక్షిత ప్రదేశాల్లో అనుమతి లేకుండా తవ్వడం 1958 నాటి ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక, క్లబ్బువారు తమ ఆవరణలోనే ఒక నమూనా గుంత ఏర్పాటు చేశారు. ఎర్రమట్టి, ఇసుక, బూడిద కలిసిన నల్లమట్టి పొరలు పొరలుగా పరచి, నడుమ కుండపెంకులు, పూసలు దాచి, పైన మేకులు కొట్టి దారాలతో గళ్లు కట్టారు. గడికి ఇద్దరు పిల్లలు. చిన్న తాపీతో మట్టిని పైపైన గీకుతూ, పెంకు కనబడగానే చేయి ఆపి, అది దారం నుంచి ఎంత లోతున, గడి అంచులకు ఎంత దూరాన ఉందో టేపుతో కొలిచి, గళ్ల కాగితం మీద గుర్తు పెట్టి, ఫొటో తీసిన తరువాతే పైకి తీయాలి. తొందరపడి ముందే లాగేసిన పెంకు ఏ పొరలోదో చెప్పలేం కాబట్టి అది లెక్కలోకి రాదని శిక్షకురాలు దాన్ని వేరే పళ్లెంలో పెట్టిస్తారు. ఆ పళ్లెం చూసి మొహం మాడ్చుకున్న పిల్లలే తరువాత టేపు కోసం పోటీపడ్డారు. పెంకులను పాత టూత్‌బ్రష్షుతో కడిగి, నీడన ఆరబెట్టి, సన్నటి అంకెలు వేయడం మా అమ్మాయికి తవ్వకం కన్నా నచ్చింది. ఇంట్లో తన బల్ల సర్దుకునే విషయంలో మాత్రం ఆ శ్రద్ధ ఇంకా కనబడలేదు.

బయటి యాత్రలు కూడా బాగున్నాయి. 1863లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్‌కు చెన్నై శివారు పల్లావరంలో దొరికిన రాతి పనిముట్టుతోనే మన దేశంలో పాతరాతియుగ పరిశోధన మొదలైందని అక్కడికి దగ్గర్లోనే ఉంటున్న పిల్లలకు కూడా తెలియదు. తిరువళ్లూరు జిల్లాలోని అత్తిరంపాక్కంలో పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం తవ్వి తీసిన రాతి చేతిగొడ్డళ్లలో అతి పురాతనమైనవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో వెల్లడైంది. ఆ వైపు తీసుకువెళ్లినప్పుడు నేలమీది రాళ్లను చూడనిస్తారు కానీ, ఒక్కటి కూడా జేబులో వేసుకోనివ్వరు. తిరిగి బస్సెక్కేముందు పిల్లలతోపాటు పెద్దల జేబులు కూడా తడిమించడం నాకు ఎంతో నచ్చింది.

ఎగ్మూరు మ్యూజియం యాత్ర మాత్రం నిరాశపరచింది. అమరావతి శిల్పాల గదిని హడావుడిగా దాటించేశారు. తెలుగువాళ్లం కాబట్టి మాకు మనసు చివుక్కుమన్న మాట నిజమే కానీ, నా అభ్యంతరం అందువల్ల కాదు. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో అమరావతి స్తూపం దిబ్బ రాళ్లను కట్టడాలకు తరలించారు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన శిల్పాల్లో చాలా భాగం 1859లో లండన్‌కు వెళ్లిపోయింది. ఏ రాయి ఎక్కడ నిలిచి ఉండేదో తెలుసుకోవడానికి పండితులు ఇప్పటికీ ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ బృందం 1816, 1817ల్లో గీయించిన బొమ్మలను ఆశ్రయించవలసి వస్తోంది. గుంత దగ్గర అంత ఓపికగా నేర్పిన పాఠానికి ఇంతకు మించిన ఉదాహరణ ఏముంటుంది? ఎదుటే ఉన్నదాన్ని వదిలేసి, పిల్లల్ని డైనోసార్ బొమ్మ దగ్గర ఫొటోలకు నిలబెట్టారు.

పదేళ్లవారినీ పదిహేడేళ్లవారినీ ఒకే జట్టులో కూర్చోబెట్టడం మరో లోపం. చిన్నవాళ్లు అలసిపోయే వేళకు పెద్దవాళ్లకు విసుగు పుడుతుంది. బోధన తమిళం, ఇంగ్లీషుల్లో సాగుతుంది కాబట్టి, ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట్లో కొంత కష్టంగా ఉండవచ్చు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో గుంతకు టార్పాలిన్ కప్పి తరగతులను గదిలోకి మారుస్తారు, ఫీజు మాత్రం తగ్గించరు. అందుచేత చేర్పించదలచినవారు అక్టోబరులో కాక, వానలు వెలిశాక జనవరిలో మొదలయ్యే జట్టులో చేర్పించడం మంచిది.