రక్తం తీసిన అబ్బాయికి ఐదు స్టార్లు, తర్వాత వచ్చిన ఫోన్‌కు సున్నా

తిరుపతిలో ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే ఒక ల్యాబ్ వాళ్ల కిడ్నీ ప్యాకేజీ గురించి ఇది. పేరు చెప్పను, గొడవెందుకు. నేను బయోస్టాటిస్టీషియన్‌ని, అంటే వైద్య డేటా లెక్కలు చూసేదాన్ని, పదమూడేళ్లుగా కిడ్నీ జబ్బు డేటాతోనే నా బతుకు, అందుకని మధ్యలో కాస్త ఎక్కువ మాట్లాడితే ఓర్చుకోండి.

ముందు మంచి చెప్తా. ఆదివారం పొద్దున ఆరుంపావుకు రమ్మంటే బైరాగిపట్టెడలో మా ఇంటికి సరిగ్గా ఆరుంపావుకే వచ్చాడు. మా నాయనకు 66 ఏళ్లు, నరం దొరకదు, ఇంతకుముందు వచ్చినోళ్లు రెండు చేతులూ పొడిచి పెట్టారు. ఈ అబ్బాయి పిడికిలి బిగించమని, వేలితో రెండుసార్లు తడిమి చూసి, ఒక్క పోటుకే తీశాడు. ట్యూబు మీద పేరు, వయసు, టైము మా ముందే రాసి, నాయన చేత చదివించి మరీ ఐస్ బాక్సులో పెట్టుకున్నాడు. 'నిన్న ఏమన్నా బరువు పని చేసినారా సార్?' అని కూడా అడిగాడు. 'ఏం లేదబ్బా' అన్నాడు మా నాయన. ముందురోజు శనివారం అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి, ఒక్క పొద్దుండి, నీళ్లు కూడా సరిగ్గా తాగకుండా రాత్రి బస్సులో దిగొచ్చిన మనిషి! కొండ నడవడం ఆయన లెక్కలో పని కాదు. శనివారం కాబట్టి మాంసం లేదు, లేకుంటే దాన్నీ లెక్కలో వేయాల్సొచ్చేది, ఒళ్లలిసేలా కష్టపడ్డా, నీళ్లు తక్కువైనా, వండిన మాంసం తిన్నా క్రియాటినిన్ (కండరాల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, కిడ్నీలు వడకట్టి బయటికి పంపేది) కాసేపు పెరుగుతుంది.

సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు. క్రియాటినిన్ 1.4, ఈజీఎఫ్ఆర్ 55, దాని పక్కనే ఎర్ర పట్టీలో 'స్టేజ్ 3ఏ', అంటే కిడ్నీ జబ్బు మూడో దశ అని. ఇంక ఇల్లంతా టెన్షన్, అమ్మ ఆ రాత్రే పప్పు, టమోటా మానేసింది. ఈజీఎఫ్ఆర్ అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె. అది నేరుగా కొలిచేది కాదండీ, క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవాటిని ఫార్ములాలో వేసి లెక్కగట్టేది. ఈ అంకెను బట్టి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే అది 60 కంటే తక్కువ కనీసం మూడు నెలలు అలాగే ఉండాలి. ఒక్క రీడింగ్‌కు స్టేజ్ అచ్చేయడం తప్పు. పైగా విటమిన్లతో కలిపి డెబ్బై దాకా టెస్టులున్న ఈ ప్యాకేజీలో మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో, అంటే మూత్రంలోకి ప్రోటీన్ కారుతోందా అని చూసేది, లేదు! షుగర్ ఉన్నవాళ్లలో కిడ్నీ దెబ్బతింటున్న సంగతి ముందుగా పట్టిచ్చే టెస్టు అది.

రిపోర్టు వచ్చిన పది నిమిషాలకు 'హెల్త్ కోచ్' ఫోను. మూడు నెలలు మూలికల పౌడర్ తాగితే తగ్గుతుందట, ప్లాన్ పూర్తి చేసినవాళ్లలో చాలామందికి మళ్లీ టెస్టులో క్రియాటినిన్ తగ్గిందట. పౌడర్ తాగనివాళ్లకు ఎంతమందికి తగ్గింది అని అడిగా. 'వాళ్లు మళ్లీ టెస్టు చేయించుకోరు కదా మేడం' అంది ఆ అమ్మాయి, పాపం ఉన్నమాటే చెప్పింది.

నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాటలో ఉంది. క్రియాటినిన్ రోజుకోలా అటూఇటూ అవుతుంది కాబట్టి, ఎక్కువ వచ్చినవాళ్లనే ఏరి మళ్లీ కొలిస్తే, ఏ మందూ లేకున్నా కొందరికి తగ్గే వస్తుంది. మూడు నెలలు పూర్తి చేసినవాళ్లనే లెక్కపెడితే, మధ్యలో బాగోలేక ఆసుపత్రిలో పడ్డవాళ్లు లెక్కలోకే రారు. డయాలసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న దాంట్లోనూ ఇదే చిక్కు. తొందరగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా చనిపోతున్నట్టు రికార్డుల్లో కనబడేది, కానీ ఒంట్లో మరీ బాగోలేనివాళ్లకే కదా డాక్టర్లు తొందరగా మొదలుపెట్టేది! ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 828 మందికి ఎవరికి ముందు, ఎవరికి ఆగి అని చీటీలేసినట్టు పంచి చేసిన 'ఐడియల్' అనే ట్రయల్ 2010లో వచ్చింది, ముందు మొదలుపెట్టినా ఆగి మొదలుపెట్టినా ప్రాణాల విషయంలో తేడా తేలలేదు. 2021లో స్వీడన్ కిడ్నీ రోగుల రిజిస్ట్రీ (దేశమంతటి రికార్డుల) డేటానే ఒక ట్రయల్ జరిగినట్టుగా అమర్చి లెక్కవేస్తే, ఆ ట్రయల్‌తో పొసిగే జవాబే వచ్చింది. పాత రికార్డుల నుంచి కూడా నిజం రాబట్టొచ్చు, ఎవరిని ఎవరితో, ఏ రోజు నుంచి పోలుస్తున్నామో సరిగ్గా చూసుకుంటే.

ఆకుమందే కదా, తాగితే ఏం పోయింది అంటారేమో. 1990లలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన ఆడవాళ్లలో పదులమందికి కిడ్నీలే పోయాయి.

పన్నెండు రోజులు ఆగి, కొండకు పోకుండా, మామూలుగా నీళ్లు తాగించి వేరేచోట చేయిస్తే క్రియాటినిన్ 1.1, ఈజీఎఫ్ఆర్ 74. అల్బుమిన్ టెస్టూ బాగానే ఉంది. నడక వల్లే పెరిగిందని ఒట్టేసి చెప్పలేను, ఆ శనివారం నాయన ఇంట్లోనే కూర్చునుంటే ఎంత వచ్చేదో ఎవరూ చూడలేదు. ఆ కనబడని రెండో రీడింగ్ కోసమే ఇన్నేళ్లుగా నా కుస్తీ. పౌడర్ తాగుంటే మాత్రం ఆ 74 మంచిపేరంతా డబ్బాకే పోయేది, మా నాయన వీధంతా చెప్పుకొచ్చేవాడు కూడా. మూడు నెలలకు ఇంకోసారి చూపిస్తాం, అది వేరే సంగతి.

నిన్న కోచ్ మళ్లీ ఫోన్ చేసి డిస్కౌంట్ ఇస్తామంది. ఆ నంబరు బ్లాక్ చేశా. రక్తం తీసిన అబ్బాయి నంబరు మాత్రం సేవ్ చేసుకున్నా.